చుట్టం గడియారం

జూన్ 2, సోమవారం

ఈ డైరీ పోయినేడు కొన్నది. నాలుగు పేజీలు రాసి అటకెక్కించాను. ఈ రోజు దించి, ఆ నాలుగు పేజీలూ చింపేశాను. మిగతా కాగితం బాగానే ఉంది, పారేయడం ఎందుకు?

ఆఫీసులో కొత్త పని అంటగట్టారు. మా మేనేజరు సర్దుబాటుగారు పొద్దున్నే పిలిచారు. ఆ పేరు నేను పెట్టిందే. నోరు తెరిస్తే "సర్దుకుపోదాం" తప్ప ఇంకో మాట రాదు ఆయనకి.

"చుట్టాలకి కొత్త ఇల్లు చూడాలి మేడమ్. నెలాఖరుకి పాత ఇల్లు ఖాళీ చేసెయ్యాలి" అన్నారు.

బయటివాళ్ళెవరైనా వింటే మాది ఇళ్ళ బ్రోకర్ల ఆఫీసు అనుకుంటారు. ఒక కంప్యూటర్ లోపల పది ఉత్తుత్తి కంప్యూటర్లు నడిపించే సాఫ్ట్‌వేర్ ఉంటుంది, వర్చువలైజేషన్ అంటారు. ఆ సాఫ్ట్‌వేర్ ఎక్కించిన అసలు కంప్యూటర్ ఇల్లు, లోపలివి చుట్టాలు. గెస్ట్ అన్న మాటని ఎవరో పదేళ్ళ కిందట చుట్టం చేశారు, ఆ పేరే ఖాయమైపోయింది. చుట్టాలు ఎక్కువైతే ఇల్లు కదలదు. చుట్టం మొండికేస్తే ఆపేసి మళ్ళీ లేపొచ్చు. అన్నిటికంటే గొప్ప సంగతి, చుట్టానికి ఫోటో తీసి దాచుకోవచ్చు. తర్వాత దాన్ని ఎంత పాడుచేసినా, ఒక్క నొక్కుతో ఫోటో తీసిన నాటి స్థితికి వచ్చేస్తుంది. నిజం చుట్టాల విషయంలో ఈ సౌకర్యం లేకపోవడం వల్లే లోకంలో ఇన్ని తగాదాలు.

ఇవన్నీ నాకు తెలియక రాసుకోవడం లేదు. రిపోర్టు డైరెక్టరుగారికి కూడా అర్థమయ్యేలా ఉండాలట. ఇక్కడ సాధన చేస్తున్నాను.

మేం తయారు చేసేది మందు పంపు. ఆపరేషన్ అయిన మనిషి మంచం పక్కన నిలబడి నరంలోకి నొప్పి మందు ఎక్కిస్తుంది. మొదలుపెట్టగానే ఒక డోసు, ఆ తర్వాత నాలుగు గంటలకొకటి చొప్పున దానంతటదే ఇస్తుంది. మధ్యలో ఇవ్వాలంటే నర్సు చేతి బటన్ నొక్కాలి. లోపలి ప్రోగ్రాం కొత్తది జులై ఒకటిన బయటికి వెళ్ళాలి. దాన్ని చుట్టాల్లో నడిపి పరీక్షించేది నేను. నా సంతకం లేకపోతే అది గడప దాటదు.

జూన్ 5, గురువారం

రెండు ఇళ్ళు చూశాను. ఒకటి పెద్దింటిది. పెద్ద కంపెనీ సరుకు. అమ్మడానికి వచ్చినాయన మూడు పెన్నులు, ఒక టోపీ ఇచ్చి పోయాడు. టోపీ సర్దుబాటుగారు పెట్టుకున్నారు. రెండోది ఊరుమ్మడిది. ఎక్కడెక్కడివాళ్ళో కలిసి రాసి అందరికీ ఊరికే వదిలేశారు. దాన్ని అమ్మడానికి ఎవరూ రారు. ఏదైనా ఆగిపోతే మనమే చదువుకుని బాగుచేసుకోవాలి.

పెద్దింట్లో చుట్టం పదకొండు సెకన్లలో లేస్తుంది, ఊరుమ్మడిదాంట్లో పంతొమ్మిది. ఎనిమిది చుట్టాల్ని ఒక్కసారే దింపితే పెద్దిల్లు నిమ్మకు నీరెత్తినట్టు ఉంది. ఊరుమ్మడిది ఫ్యాను హోరెత్తించింది. అసలు పంపుని తీగతో కలిపితే రెండూ గుర్తుపట్టాయి గానీ, ఊరుమ్మడిది రెండుసార్లు బతిమాలించుకుంది. ఇప్పటికైతే పెద్దింటిదే మేలు.

సాయంత్రం కింది వాటాలోకి వెళ్ళాను. అన్నయ్య పేపరు చదువుతున్నాడు. వదిన అప్పుడే వచ్చి చేతులు కడుక్కుంటోంది. ఇరవై రెండేళ్ళు వార్డు నర్సుగా చేసిన మనిషి, ఏడాదిగా అదే హాస్పిటల్ స్టోర్ గదిలో గ్లౌజుల పెట్టెలు లెక్కపెడుతోంది. పోయినేడు మే నెలలో ఆపరేషన్ అయిన ఒక దర్జీకి ఇరవై నిమిషాల తేడాతో రెండు డోసులు వెళ్ళాయి. ఊపిరి మందగించింది. కనిపెట్టి బతికించింది వదినే. అయినా చేతి బటన్ నొక్కింది ఆవిడేనని నర్సుల పెద్ద మేట్రన్, పైవాళ్ళూ కలిసి తేల్చి, వార్డులోంచి తీసేశారు. "నేను నొక్కలేదు" అన్న ఒక్క మాట మీద ఆవిడ ఇవాళ్టికీ ఉంది.

ఆ పంపు మాదే. మా కంపెనీదే. అయితే ఏమిటి? నేను స్వయంగా పరీక్షించి సంతకం పెట్టిన పంపు అది.

"ఇవాళ ఎన్ని పెట్టెలు వదినా?" అన్నాను.

"మూడొందల పన్నెండు. ఒక్కటీ తప్పు పోలేదు. గ్లౌజులకి ఊపిరి ఉండదుగా, భయం లేదు" అంది.

నవ్వించడానికే అందనుకుంటాను. నవ్వాను.

జూన్ 9, సోమవారం

పెద్దింట్లో మొత్తం రెండొందల పన్నెండు పరీక్షలు నడిపాను. అన్నీ పాస్. తెర అంతా పచ్చగా ఉంది. సర్దుబాటుగారు టోపీ తీసి దండం పెట్టారు.

జూన్ 10, మంగళవారం

ఊరుమ్మడిదాంట్లో రెండొందల పదకొండు పాస్. ఒకటి ఎర్రబడింది. నూట పదిహేడోది.

మళ్ళీ నడిపాను. నూట పదిహేడు. మూడోసారి టీ తాగొచ్చి నడిపాను. నూట పదిహేడు.

ఆ పరీక్ష నేను రాసిందే. పొద్దున తొమ్మిదింటికి చుట్టానికి ఫోటో తీస్తాను. మధ్యాహ్నం రెండింటికి ఆ ఫోటోలోంచి లేపుతాను. చుట్టం గడియారం ఇంకా తొమ్మిది అనుకుంటూ ఉంటుంది. అప్పుడు ఒక డోసు ఇప్పిస్తాను. పది సెకన్లకి చుట్టం ఇంటి గడియారాన్ని చూసి, అయ్యో రెండైపోయిందే అని ముల్లు దిద్దుకుంటుంది. మా ప్రోగ్రాం ఏం చేయాలి? ఇచ్చి పది సెకన్లే అయింది కాబట్టి ఊరుకోవాలి. ఏం చేసింది? ఐదు గంటలు గడిచాయనుకుని రెండో డోసు ఇచ్చేసింది.

పది సెకన్లలో రెండు డోసులు.

జూన్ 11, బుధవారం

పంపు ప్రోగ్రాం రాసినాయన దగ్గరికి వెళ్ళాను. యాభై దాటిన మనిషి, మంచివాడే. ఏ తప్పు చూపించినా "నా దగ్గర బానే ఉంది" అంటాడు కాబట్టి ఆఫీసంతా ఆయన పేరు బానేఉందిగారు.

చూపించాను. చూశాడు. తన కంప్యూటర్లో నడిపాడు.

"నా దగ్గర బానే ఉందమ్మా."

"మీ దగ్గర గడియారం దూకదుగా. దూకితే ఏమవుతుందన్నదే కదా పరీక్ష?"

"అసలు గడియారం దూకడమేమిటి? ఉచితంగా వచ్చే సరుకు అలాగే ఏడుస్తుంది. పెద్దింట్లో దూకిందా? లేదుగా. తప్పు ఇంటిది, ప్రోగ్రాముది కాదు."

ఆడలేక మద్దెల ఓడు అన్నాడట. మొహం మీదే అనేశాను. ఆయన చిన్నబుచ్చుకున్నాడు. చిన్నబుచ్చుకుంటే చిన్నబుచ్చుకోనీ. పెద్దింట్లో ఎందుకు దూకలేదో సెట్టింగులు తీసి చూశాను. చుట్టం గడియారాన్ని ఇంటి గడియారంతో కలపాలా అని ఒక గడి ఉంది. పెద్దింటివాళ్ళు దానికి టిక్కు పెట్టకుండా పంపుతారు. నేను టిక్కు పెట్టి నడిపాను. అక్కడా నూట పదిహేడు ఎర్రబడింది.

కాబట్టి తప్పు ఏ ఇంటిదీ కాదు. మాది. ఎంత సమయం గడిచిందో పంపు తనంతట తాను లెక్కపెట్టుకోదు. గడియారం ముఖం చూసి నమ్మేస్తుంది.

జూన్ 12, గురువారం

మరి పాత ఇంట్లో మూడేళ్ళుగా నూట పదిహేడు ఎందుకు పాసవుతోంది?

జూన్ 13, శుక్రవారం

పాత ఇంట్లో కూడా ఆ గడి ఉంది. ఆ కంపెనీవాళ్ళు టిక్కు పెట్టే పంపుతారట, పుస్తకంలో రాసి ఉంది. మా దగ్గర టిక్కు లేదు. ఎవరో తీసేశారు.

జూన్ 14, శనివారం

ఎవరో అంటే ఎవరైనా కావచ్చు. అప్పట్లో ఆ కంప్యూటర్ మీద పద్నాలుగు మంది పనిచేసేవాళ్ళం. సగం మంది మానేసి వెళ్ళిపోయారు. ఎవరు తీశారని ఇప్పుడు తవ్వుకోవడం వల్ల ఉపయోగం ఏముంది? ఇవాళ బీరువా సర్దాను. కర్టెన్లు ఉతికాను. మెట్లు కూడా కడిగాను, అవి నా వంతు కాకపోయినా.

జూన్ 16, సోమవారం

సర్దుబాటుగారితో పోట్లాట. వివరంగా రాసుకుంటాను, రేపు ఆయన ఇంకోలా చెబుతారు.

"పెద్దింటిదే తీసుకుందాం మేడమ్. అన్నీ పాస్ అవుతున్నాయి."

"అందుకే వద్దంటున్నాను సార్. ఫెయిల్ అయ్యేది కావాలి మనకి."

ఆయన బానేఉందిగారి వైపు చూశారు. బానేఉందిగారు కిటికీ వైపు చూశాడు.

"ఇన్నేళ్ళ సర్వీసులో ఫెయిల్ అయ్యే సాఫ్ట్‌వేర్ కావాలని అడిగినవాళ్ళని నేను చూళ్ళేదు."

"ఇప్పుడు చూడండి. ఊరుమ్మడిది నిదానం, మొండిది, ఫ్యాను మోగుతుంది. కానీ గడియారం దూకితే దూకిందని చెబుతుంది. మనకి పరీక్షించడానికి కావాల్సింది అదే. వెంటనే ప్రోగ్రాం దిద్దాలి. జులై ఒకటి కుదరదు."

"హాస్పిటల్లో గడియారం ఎందుకు దూకుతుంది మేడమ్? అక్కడ చుట్టాలు లేరు, ఫోటోలు లేవు. మీరు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. కొంచెం సర్దుకుపోదాం. నూట పదిహేడు పక్కన 'పరీక్ష వాతావరణంలో లోపం' అని రాసి సంతకం పెట్టండి."

"పెట్టను."

"కందకు లేని దురద కత్తిపీటకెందుకు? రాసినాయనే బానే ఉందంటున్నాడు."

"సార్, నేను కత్తిపీటనే. నా పనే అది."

గొంతు పెద్దదైపోయింది. గాజు తలుపు అవతల అందరూ తలెత్తి చూశారు. చూడనీ. సంతకం నాది, చెయ్యి నాది. పెట్టను, పెట్టను, పెట్టను.

ఒక్క ప్రశ్నకి మాత్రం జవాబు చెప్పలేకపోయాను. హాస్పిటల్లో గడియారం ఎందుకు దూకుతుంది?

జూన్ 17, మంగళవారం

ఆఫీసు నుంచి సరాసరి కింది వాటాకి వెళ్ళాను. వదినని ఊరికే అడిగినట్టు అడిగాను.

"వార్డులో పంపు మీద టైము ఎప్పుడైనా తప్పు చూపించేదా?"

"ఎప్పుడు కరెక్టుగా చూపించిందని! ఆ బ్యాటరీలు ముసలివైపోయాయి. థియేటర్లోంచి వార్డుకి తోసుకొచ్చేలోపే కన్ను మూసేవి. మళ్ళీ ఆన్ చేస్తే సున్నా దగ్గర్నుంచి మొదలు, అర్ధరాత్రి పన్నెండని. వార్డులో నెట్‌వర్క్ తీగ తగిలిస్తే కాసేపటికి దానంతటదే దిద్దుకునేది. మేం ఆ టైము చూస్తే కదా, గోడ గడియారం ఉంది మాకు."

ఇంకోసారి చెప్పించుకున్నాను.

వదిన లోపలికి వెళ్ళి ఒక కవరు తెచ్చింది. అందులో పంపులోంచి వచ్చే స్లిప్ ఉంది, పోయినేడు మే నెలది. దర్జీది. రెండు వరసలు. సున్నా గంటల ఇరవై నిమిషాలకి ఒక డోసు. పద్నాలుగు గంటల నలభై నిమిషాలకి ఇంకో డోసు. ఇచ్చింది పంపో, నర్సో ఆ స్లిప్ మీద ఉండదు. వార్డు రిజిస్టర్లో మొదటిది మధ్యాహ్నం రెండూ ఇరవైకి, రెండోది రెండూ నలభైకి. గోడ మీద ఇరవై నిమిషాలు గడిస్తే పంపు లోపల పద్నాలుగు గంటలు గడిచాయి.

"ఇది నీకు పోయినేడు చూపించాను, గుర్తుందా?" అంది.

"గుర్తుంది."

"టైము ఎవరో తప్పు పెట్టి ఉంటారన్నావు."

"అన్నాను."

"ఇంకో మాట కూడా అన్నావు."

అన్నయ్య పేపరు మడిచాడు. నేను పైకి వచ్చేశాను. చెప్పులు అక్కడే మర్చిపోయాను.

జూన్ 18, బుధవారం

తలనొప్పి అని సెలవు పెట్టాను. తలనొప్పి లేదు.

జూన్ 19, గురువారం

సర్దుబాటుగారు ఫోన్ చేశారు. రేపు పదకొండింటికి డైరెక్టరుగారి ముందు మీటింగట. నేను సంతకం పెట్టకపోతే వేరే విభాగం నుంచి ఇంకొకావిడ చేత పెట్టిస్తారట. "మీ మంచికే చెబుతున్నాను మేడమ్, ఎందుకు మీకీ గొడవ?" అన్నారు. ఆ "మంచి" అనే మాట వింటే నాకు ఒళ్ళు మండింది. ఫోన్ పెట్టేశాను. పెట్టేశాక కూడా చాలాసేపు తిట్టాను.

తిట్టడం అయ్యాక కంప్యూటర్ తెరిచాను. పాత ఇంట్లో ఏ సెట్టింగు ఎవరు ఎప్పుడు మార్చారో దాంట్లో చిట్టా ఉంటుంది. ఆ సంగతి నాకు పదమూడో తారీఖునే తెలుసు. అప్పటికి ముందు నుంచీ తెలుసు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, వారం రోజులుగా మెట్లు కడుగుతూ తిరిగాను.

మూడేళ్ళ కిందట, మార్చి పదకొండు, మధ్యాహ్నం మూడూ పది. గడియారం గడిలో టిక్కు తీసేసింది నేను.

ఎవరో కాదు. నేనే.

గుర్తుంది కూడా. అప్పుడే రాసిన పరీక్ష. మొదటిసారి నడపగానే ఎర్రబడింది. చుట్టం గడియారం దూకుతోందని పావుగంటలో కనిపెట్టి, నా తెలివికి నేనే మురిసిపోయాను. "ఇది ఇంటి గోల, మన పంపుకి సంబంధం లేదు" అని గట్టిగానే అన్నాను, పక్క సీటావిడ విన్నది. టిక్కు తీశాను. పచ్చబడింది. సంతకం పెట్టాను. బానేఉందిగారిని మొన్న మద్దెల ఓడన్నాడట అన్నానే, ఆ మద్దెల మీద మొదటి దెబ్బ వేసింది నేను.

ఆ సంతకం మీద నాలుగొందల పంపులు బయటికి వెళ్ళాయి. వాటిలో ఒకటి దర్జీ మంచం పక్కన నిలబడింది.

నాకు సిగ్గుగా ఉంది. ఈ వాక్యం ఇక్కడ కూడా రాయలేకపోతే ఇంకెక్కడ రాస్తాను? సిగ్గుగా ఉంది. అయినా రేపు వెళ్తాను. తప్పు నాదైనంత మాత్రాన సర్దుబాటుగారిది ఒప్పు అయిపోదు.

జూన్ 20, శుక్రవారం

వెళ్ళేటప్పుడు అల్మారాలోంచి అసలు పంపు ఒకటి తీసుకెళ్ళాను. మందు బదులు సీసాలో నీళ్ళు, గొట్టం చివర గాజు గ్లాసు. డైరెక్టరుగారు "ఇదేంటమ్మా?" అంది. "రిపోర్టు" అన్నాను.

బ్యాటరీ ఊడదీసి మళ్ళీ పెట్టాను. పంపు సున్నా నుంచి మొదలుపెట్టింది. డోసు ఇప్పించాను, గ్లాసులోకి నీళ్ళు పడ్డాయి. అప్పుడు నెట్‌వర్క్ తీగ తీసి బానేఉందిగారి చేతికిచ్చి, "మీరే తగిలించండి" అన్నాను. తగిలించాడు. తెర మీద పదకొండూ పన్నెండుకి దూకింది టైము. మేం ఆరుగురం గ్లాసు వైపు చూస్తూ కూర్చున్నాం. ఒక నిమిషం లోపే రెండో డోసు నీళ్ళు పడ్డాయి. బటన్ దగ్గర ఎవరి చెయ్యీ లేదు.

"నా దగ్గర..." అని బానేఉందిగారు ఆగిపోయాడు. తర్వాత కళ్ళజోడు తీసి, "తప్పు నాదే. నాలుగు రోజులు కావాలి దిద్దడానికి" అన్నాడు. ఇన్నేళ్ళలో ఆయన నోటి వెంట ఆ మాట మొదటిసారి విన్నాను. నాకు ఆయన మీద గౌరవం కలిగింది, కోపం కూడా పోలేదు.

"మీది సగమే. మిగతా సగం నాది" అన్నాను. టిక్కు సంగతి చెప్పాను. తారీఖు, టైము, అన్నీ.

ఊరుమ్మడిది ఖాయమైంది. టిక్కు ఎవరూ తీయకూడదని డైరెక్టరుగారు తన చేత్తో రాసింది. జులై ఒకటి వాయిదా. ఇంతవరకూ బాగుంది.

"మరి బయటున్న నాలుగొందలు?" అన్నాను.

డైరెక్టరుగారు ఫైలు మూసేసింది. లాయర్లు చూడాలట. ఉత్తరం వాళ్ళు రాయాలట. అప్పటిదాకా ఈ మాట ఈ గది దాటకూడదట.

"ఎన్నాళ్ళు?"

"రెండు నెలలు అనుకోండి. సర్దుకుపోదాం మేడమ్" అన్నారు సర్దుబాటుగారు. పాపం, ఆయనకి ఇంకో మాట రాదు.

"సోమవారం దాకా చూస్తాను. ఈలోగా మీరు చెబితే సంతోషం. లేకపోతే నేను చెబుతాను."

"ఉద్యోగం గురించి ఆలోచించుకోండి" అంది డైరెక్టరుగారు. కోపంగా అనలేదు, నిజంగానే ఆలోచించుకోమంది.

ఆలోచించుకున్నాను. మెట్లు దిగే లోపే అయిపోయింది ఆలోచన. పంపు నా సంచిలోనే ఉంది.

జూన్ 21, శనివారం

వదిన దుప్పట్లు మడతపెడుతోంది. గుమ్మం దగ్గరే నిలబడి చెప్పేశాను, కూర్చుంటే చెప్పలేనని. పంపు గడియారం, గ్లాసులో పడ్డ నీళ్ళు, టిక్కు, మార్చి పదకొండు, నా సంతకం.

ఆవిడ చేతిలో ఉన్న దుప్పటి మడత పూర్తిచేసింది. అంచులు కలిపి, చేత్తో సాపు చేసి, దొంతర మీద పెట్టింది.

"తెలిసే తీశావా?"

"పంపుది తప్పని తెలియదు వదినా. టిక్కు తీస్తే పచ్చబడుతుందని తెలుసు."

"అంటే ఎందుకు ఎర్రబడిందని అడగలేదు."

"అడగలేదు."

"పోయినేడు స్లిప్ చూపించినప్పుడు?"

"అప్పుడూ అడగలేదు."

అన్నయ్య ఎప్పుడొచ్చాడో వెనక నిలబడి ఉన్నాడు. "ఏడాదిగా మీ వదిన నిద్రలో కూడా బటన్ నొక్కలేదనే అంటోంది. నీకు పైకి వినపడదులే" అన్నాడు. తిడితే బాగుండేది.

కాళ్ళ మీద పడతానేమోనని భయపడిందో ఏమో, వదిన ఇంకో దుప్పటి నా చేతిలో పెట్టింది. "ఆ కొస పట్టుకో" అంది. ఇద్దరం కలిసి మడతపెట్టాం. నాకు ఏడుపొచ్చింది. ఆవిడకి రాలేదు.

"సోమవారం తొమ్మిదింటికి మేట్రన్ వస్తుంది. ఆ పంపు కూడా పట్టుకురా. బట్టలు ఇస్త్రీ చేసుకో" అంది చివరికి.

"నన్ను క్షమించమని అడగను వదినా."

"అడక్కు. ఇప్పుడు నాకు తీరిక లేదు."

జూన్ 22, ఆదివారం

ఇస్త్రీ చేశాను. ఫోన్ మూడుసార్లు మోగింది, ఆఫీసు నంబరు. తీయలేదు.

జూన్ 23, సోమవారం

హాస్పిటల్ వరండాలో ఎదురైన నర్సులు వదినని పలకరించారు, నా చేతిలో పంపుని చూసి ఆగిపోయారు. మేట్రన్ గది చిన్నది. ఒక టేబులు, రెండు కుర్చీలు, ఇనప బీరువా.

మేట్రన్ కళ్ళద్దాల మీంచి చూసి, "కూర్చోండి" అంది.

నేను కూర్చున్నాను. వదిన కూర్చోలేదు.

"పోయినేడు నన్ను నిలబెట్టే అడిగారు మేడమ్. ఇప్పుడూ నిలబడే వింటాను" అంది.

ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. ఇంట్లో ఎవరి మీదా వాడని గొంతు అది.

పంపు టేబులు మీద పెట్టాను. బ్యాటరీ, గ్లాసు, నీళ్ళు, తీగ. రెండో డోసు పడింది. మేట్రన్ ఇంకోసారి చేయమంది. ఇంకోసారి చేశాను. ఈసారి ఆవిడ చేతి గడియారం చూసుకుంటూ చూసింది. వదిన కవర్లోంచి స్లిప్ తీసి గ్లాసు పక్కన పెట్టింది. మేట్రన్ రిజిస్టర్ తెప్పించి, స్లిప్ మీదున్న రెండు టైములనీ రిజిస్టర్లో ఉన్న రెండు టైములనీ పెన్సిలుతో కాగితం మీద రాసి తీసివేసింది. తర్వాత పెన్సిలు పక్కన పెట్టి నన్ను పైనుంచి కిందికి చూసింది.

"మీ కంపెనీ నుంచి ఉత్తరం ఏదైనా తెచ్చారా?"

"లేదు మేడమ్. కంపెనీ చెప్పొద్దంది. చెప్పడానికి నేనే వచ్చాను. ఈ పంపుని పరీక్షించి సంతకం పెట్టింది నేను. తప్పు కనపడకుండా చేసింది కూడా నేనే. అదంతా రాసి సంతకం పెట్టి తెచ్చాను" అని కాగితం ముందుకి జరిపాను.

చదివింది. నింపాదిగా, వేలు పెట్టి. చివర నా పేరు దగ్గర ఆగింది.

"ఈవిడ మీకేమవుతారు?"

"మా వదిన."

"అదీ సంగతి" అని కుర్చీలో వెనక్కి వాలింది. "అయినవాళ్ళు అయినవాళ్ళని వెనకేసుకొస్తారు. అందులో వింతేముంది? రేపు ఎవరైనా నన్ను ఇదే అడుగుతారు."

అక్కడ నాకు కోపం రావాలి. మూడు వారాలుగా ప్రతివాళ్ళ మీదా వచ్చిన కోపం, అప్పుడు మాత్రం రాలేదు. చింపేసిన నాలుగు పేజీల్లో రాసుకున్నదే బయటికి వచ్చింది.

"వెనకేసుకురాలేదు మేడమ్. పోయినేడు ఈ స్లిప్ తెచ్చి నాకు చూపించింది. మిషన్ తప్పు చేయదు వదినా, అలసిపోయి నువ్వే నొక్కి ఉంటావు, ఒప్పుకుంటే మనసు తేలికపడుతుంది అన్నాను. మీరందరూ ఇక్కడ అన్నారు. ఇంట్లో అన్నది నేనే."

మేట్రన్ కాగితాన్ని మళ్ళీ దగ్గరికి లాక్కుంది. వార్డుల్లో ఈ రకం పంపులు ఎన్ని ఉన్నాయో లెక్క తెమ్మని గుమ్మంలోని నర్సుకి చెప్పింది. లెక్క వచ్చేదాకా ఒక్కదాన్నీ మంచం దగ్గర ఉంచొద్దంది.

"పద్దెనిమిది" అంది వదిన. "ఆరు నా పాత వార్డులో, నాలుగు పై అంతస్తులో, మిగతావి థియేటర్ దగ్గర. వాటిల్లో రెండిటికి బ్యాటరీ అసలు నిలవదు. ముందు అవి తీయించండి."

మేట్రన్ రాసుకోవడం మొదలుపెట్టింది.

అప్పుడు వదిన కుర్చీ లాక్కుని కూర్చుంది.